కొలంబో నేషనల్ మ్యూజియం: ఒక పూటలో ఎలా చూడాలి, ఏం చూడాలి

శ్రీలంక టూర్ అనగానే మనవాళ్లు సీతమ్మ ఉన్న అశోకవనం, కాండీ, నువర ఎలియా టీ తోటలు, బెంటోట బీచ్ అంటూ లిస్టు రాసుకుంటారు, కొలంబోకి మాత్రం చివర్లో షాపింగ్ కోసం ఒక సాయంత్రం వదులుతారు. ఆ సాయంత్రంతో పాటు దాని ముందున్న పొద్దుటి పూట కూడా కొలంబోకే ఉంచండి, దాన్ని నేషనల్ మ్యూజియంకి ఇవ్వండి అని అడిగిన ప్రతివాళ్లకీ చెబుతుంటాను. తెలుగువాళ్లకి ఆ బిల్డింగులో ఉన్నంత పని ఆ దేశంలో మరే టూరిస్టు స్పాట్‌లోనూ లేదని నా నమ్మకం. మన కృష్ణా తీరపు శిల్పుల చేతివాటం అక్కడి బుద్ధుడి చీవరం (భిక్షువులు కప్పుకునే వస్త్రం) మడతల్లో కనిపిస్తుంది, తెలుగు మూలాలున్న ఒక రాజవంశం చివరిసారిగా కూర్చున్న సింహాసనం అక్కడ అద్దం వెనకాల ఉంది. ఇవేవీ తెలియకుండా లోపలికి వెళ్తే మాత్రం కనిపించేవి రాళ్లు, కత్తులు, కుండలు.

నేను మొదటిసారి అలాగే వెళ్లాను. రాత్రంతా విమానంలో నిద్ర లేదు, మధ్యాహ్నం రెండింటికి అమ్మానాన్నలతో కలిసి లోపలికి అడుగుపెట్టాం, మమ్మల్ని తీసుకెళ్లిన డ్రైవరు ముప్పావుగంటలో బయటికి రమ్మన్నాడు. ఆ ఉక్కపోతలో గది తర్వాత గది దాటుకుంటూ పోయాం, నాన్నకి కాళ్లు పీకాయి, అమ్మ ఒక బెంచీ మీద కూర్చుండిపోయింది, బయటికొచ్చాక ఏం చూశామని అడిగితే ముగ్గురిలో ఒక్కరికీ ఒక్క వస్తువూ గుర్తులేదు. నాన్న ముప్పై ఏళ్లు స్కూల్లో సోషల్ చెప్పిన మనిషి, అందుకే నాకు మరీ బాధేసింది. రెండేళ్ల తర్వాత మళ్లీ వెళ్లాం, ఈసారి కాస్త చదువుకుని, టూర్ చివరి రోజున, తలుపులు తీసే వేళకి. కింద చెప్పేదంతా ఆ రెండోసారి నేర్చుకున్నదే.

ముందు చివరి రోజు సంగతి. టూర్ ప్యాకేజీల్లో మ్యూజియం ఉంటే గింటే మొదటి రోజే ఉంటుంది, ఎయిర్‌పోర్టు నుంచి వచ్చేదారిలో పనైపోతుందని. నా సలహా దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆ మ్యూజియంలో ఉన్నవి ఎక్కువభాగం అనురాధపుర, పొలొన్నరువ, కాండీ నుంచి తెచ్చినవి. ఆ ఊళ్లు తిరిగి, ఆ శిథిలాల మధ్య నడిచి, ఎండకి మాడి, చివర్లో ఇక్కడికి వస్తే ప్రతి గదిలో 'ఇది అక్కడిది కదా' అని మీకే తడుతుంది. మీ టూర్‌లో అనురాధపుర లేకపోతే మాత్రం ఏ రోజైనా ఒకటే, కానీ దిగిన రోజు వద్దు.

టైము విషయానికొస్తే, పొద్దున తొమ్మిదికల్లా గేటు దగ్గర ఉండండి. కొలంబో భూమధ్యరేఖకి దాదాపు ఏడు డిగ్రీల పైన ఉన్న ఊరు, ఏడాది పొడుగునా పగలు ముప్పై డిగ్రీలకి అటూ ఇటూ ఉంటుంది. అంకె చూసి మా విజయవాడ ఎండ ముందు ఇదెంత అనుకోకండి, అక్కడ మనిషిని అలసగొట్టేది ఎండ కాదు, గాలిలోని తేమ. పదకొండయ్యేసరికి చొక్కా వీపుకి అతుక్కుంటుంది. జనవరి నుంచి మార్చి దాకా పొడిగా, హాయిగా ఉంటుంది. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలు. అక్టోబరు, నవంబరుల్లో పొద్దున ఎండ కాసి మధ్యాహ్నం దాటాక ఉరుములతో కుండపోత పడుతుంది, ఆ నెలల్లో వెళ్తే పొద్దుటి పూట తప్ప వేరే ఆలోచన పెట్టుకోవద్దు. ఇంకో సంగతి, ప్రతి నెలా పౌర్ణమిని వాళ్లు పోయా అంటారు, దేశమంతా సెలవు. మీ తేదీల్లో పోయా గానీ, ఏప్రిల్ మధ్యలో వచ్చే సింహళ, తమిళ ఉగాది గానీ పడుతున్నాయేమో క్యాలెండర్‌లో చూసుకుని, అలా పడితే మ్యూజియంని వేరే రోజుకి మార్చుకోండి.

మ్యూజియం కొలంబో 7లో ఉంది. ఆ పేటని సినమన్ గార్డెన్స్ అంటారు, డచ్చివాళ్ల కాలంలో అక్కడ దాల్చినచెక్క తోటలుండేవి. పేరుకి రాజధాని పక్కనే ఉన్న శ్రీ జయవర్ధనపుర కోట్టె, పార్లమెంటు అక్కడే, కానీ దేశం నడిచేదీ, దేశపు పాత వస్తువులు దాచుకున్నదీ కొలంబోలోనే. ఫోర్ట్ రైల్వే స్టేషన్ వైపు నుంచి అయితే 138 నంబరు బస్సు ఎక్కి టౌన్‌హాల్ దాటాక లైబ్రరీ దగ్గర దిగి నడిచిపోవచ్చు. కుటుంబంతో ఉంటే ఆటోనే సుఖం, అక్కడ దాన్ని త్రీవీలర్ అంటారు, పిక్‌మీ యాప్ వేసుకుంటే బేరం గొడవ ఉండదు. దిగేచోటు చెప్పేటప్పుడు 'నేషనల్ మ్యూజియం' అని స్పష్టంగా చెప్పండి, ఊళ్లో మ్యూజియంలు చాలా ఉన్నాయి. విదేశీయులకి టికెట్టు స్థానికులకంటే ఎక్కువ ఉంటుంది, దానికి మనసు కష్టపెట్టుకోనక్కర్లేదు, మన దగ్గరా గోల్కొండ టికెట్టు అంతే కదా. శ్రీలంక రూపాయలు చేతిలో ఉంచుకోండి. పెద్ద బ్యాగులు హోటల్లో వదిలేసి, ఒక నీళ్ల సీసా, ఒక చేతిరుమాలు, చార్జింగ్ ఉన్న ఫోను పట్టుకెళ్తే చాలు.

వెళ్లేముందు రాత్రి ఒక అరగంట ఈ నాలుగు ముక్కలు బుర్రకెక్కించుకోండి, మొత్తం మ్యూజియం వీటి మీదే నడుస్తుంది. మొదటిది అనురాధపుర, క్రీస్తుపూర్వం నుంచి పదో శతాబ్దం చివరిదాకా రాజధాని. తర్వాత చోళులు దాన్ని కొట్టి, 1017 నాటికి రాజుని కూడా పట్టుకుని, రాజధానిని పొలొన్నరువకి మార్చారు, 1070లో సింహళ రాజు విజయబాహు వాళ్లని వెళ్లగొట్టినా రాజధాని మాత్రం అక్కడే, పదమూడో శతాబ్దం దాకా. ఆ తర్వాత దక్షిణం వైపు చిన్నచిన్న రాజధానులు, దీన్ని మ్యూజియంలో సంధికాలం అన్నట్టు చూపిస్తారు. 1505లో పోర్చుగీసులు, వాళ్ల తర్వాత డచ్చివాళ్లు, 1796లో ఇంగ్లీషువాళ్లు తీరమంతా పట్టుకుంటూ వచ్చినా, కొండల మధ్య కాండీ రాజ్యం మాత్రం 1815 దాకా లొంగలేదు. కింది అంతస్తులోని గదులు ఇదే వరసలో ఉన్నాయి. ఏ గదిలోకి అడుగుపెట్టినా ముందు 'ఇది ఏ రాజధాని కాలం' అని ఒకసారి అనుకుంటే దారి తప్పరు.

లోపలికి పోయేముందు బయట పచ్చిక మీద ఒక్క నిమిషం ఆగండి. తెల్లటి బిల్డింగు, రెండంతస్తుల వరండాలు, ముందు పెద్ద మర్రిచెట్టు, నిలువెత్తు విగ్రహం. ఆ విగ్రహం గవర్నర్ విలియం గ్రెగరీది, ఆయన పట్టుబట్టి కట్టించిన ఈ మ్యూజియం 1877 జనవరి 1న తెరుచుకుంది. నమూనా గీసింది జె.జి. స్మిథర్, కట్టింది వాప్చి మారిక్కార్ అనే ముస్లిం మేస్త్రీ. ప్రారంభోత్సవం రోజు గవర్నరు ఆయన్ని పిలిచి నీకేం కావాలో కోరుకో అంటే, నమాజు రోజైన శుక్రవారం మ్యూజియం మూసి ఉంచమని అడిగాడని, చాలాకాలం అలాగే మూసేవారని అక్కడ చెప్పుకుంటారు. డబ్బో భూమో అడగొచ్చు కదా, అడగలేదు. నాకు ఆ బిల్డింగు కంటే ఆ కోరికే ఎక్కువ నచ్చింది.

ఇక లోపల. అన్నీ చూడాలని వెళ్లకండి, ఇది నేను గట్టిగా చెప్పే మాట. ఆరు వస్తువులు పెట్టుకోండి, ఒక్కోదాని దగ్గర పదేసి నిమిషాలు నిలబడండి, మిగతావి నడుస్తూ చూసినా ఫర్వాలేదు.

గుమ్మం దాటగానే హాల్లో ఎదురయ్యేది తొలువిల బుద్ధుడు. 1890లో అనురాధపుర దగ్గర తొలువిలలో దొరికిన రాతి విగ్రహం, పద్మాసనంలా కాళ్లు ఒకదాని మీద ఒకటి వేసుకుని, చేతులు ఒడిలో పెట్టుకుని ధ్యానంలో ఉంటాడు. జనం టికెట్టు చేతిలో పట్టుకుని అటు తల తిప్పి, ఓ బుద్ధుడు అనుకుని లోపలికి పోతుంటారు. మీరు పోకండి. కాస్త పక్కకి జరిగి, భుజం నుంచి నడుము దాకా చూడండి. ఎక్కడా బిగదీసుకున్నట్టు ఉండదు, వదులైనట్టూ ఉండదు. రాయిని అంత నున్నగా, శ్వాస తీసుకుంటున్న ఒళ్లులా ఎలా చెక్కారా అని మా నాన్న చాలాసేపు అక్కడే ఉండిపోయాడు.

పక్కన అనురాధపుర కాలపు గదిలోకి వెళ్తే మన పని మొదలవుతుంది. ఆ తొలికాలపు నిలబడ్డ బుద్ధ విగ్రహాలు చూసేటప్పుడు కుడి భుజం ఖాళీగా ఉందా, చీవరం ఒంటికి అతుక్కుని సన్నటి గీతల్లా మడతలు పడిందా, కింద అంచు దగ్గర లావుపాటి మడతగా ఎడమవైపు తిరిగిందా అని వెతకండి. ఇది అమరావతి, నాగార్జునకొండ శిల్పుల పద్ధతి, కృష్ణా తీరం నుంచి సముద్రం దాటి వెళ్లింది. రాకపోకలు ఒకవైపే కాదు. నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలంలో బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనం ఉంది, మూడో శతాబ్దానిది. అందులో తంబపణ్ణి, అంటే సింహళం, అక్కణ్ణించి వచ్చిన భిక్షువుల గురించీ, సీహళ విహారం గురించీ రాసి ఉంది. సింహళ భిక్షువుల పేరు మీద మన పల్నాడులో ఒక విహారం! వీలైతే లంక వెళ్లేముందే ఒక ఆదివారం సాగర్ వెళ్లి, లాంచీ ఎక్కి నాగార్జునకొండ మ్యూజియం చూసి రండి. ఆ తర్వాత కొలంబోలో మీకు కనిపించేది గైడుకి కూడా కనిపించదు.

చంద్రశిలల గురించి కొంచెం ఎక్కువే చెబుతాను, పిల్లలతో వెళ్లేవాళ్లకి ఇదే బంగారం. గుడి మెట్ల ముందు నేల మీద పరిచే అర్ధచంద్రాకారపు రాయి, సింహళంలో సందకడ పహణ అంటారు. నాగార్జునకొండలోనూ ఇలాంటివి దొరికాయి. అనురాధపుర కాలపు చంద్రశిలకి బయటి అంచున అగ్నిజ్వాలలు, దాని లోపలి వరసలో ఏనుగు, సింహం, గుర్రం, ఎద్దు ఒకదాని వెనక ఒకటి పరిగెడుతుంటాయి, ఆ తర్వాత తీగ, తర్వాత హంసలు, అన్నిటికంటే లోపల సగం పద్మం. పొలొన్నరువ కాలానికి వచ్చేసరికి ఎద్దు మాయమైంది. శైవం ప్రభావం పెరిగాక, నందిని కాలికింద తొక్కేచోట పెట్టడం తప్పని తీసేశారని ఎక్కువమంది చెప్పే కారణం. పిల్లలకి ముందే చెప్పండి, 'ఎద్దు ఉంటే అనురాధపుర, లేకపోతే పొలొన్నరువ, వెతికి చెప్పండి' అని. మా అక్క కూతురు మ్యూజియంలో ఎక్కడ అర్ధచంద్రం కనిపించినా పరిగెత్తుకెళ్లి వంగి చూసి వచ్చేది, తర్వాత ఊళ్లో ఏ గుడికెళ్లినా మెట్ల దగ్గర అదే పని. హంసల ముక్కుల్లో ఏముందో కూడా చూడమనండి, చిన్న పూలకాడ ఒకటి ఉంటుంది.

పొలొన్నరువ గదిలో కంచు విగ్రహాల దగ్గర ఆగాలి. 1907, 1908 ప్రాంతంలో అక్కడి శివదేవాలయాల తవ్వకాల్లో నటరాజు, పార్వతి, నాయనార్లు అనే శివభక్తుల విగ్రహాలు బయటపడ్డాయి. మనకి చిదంబరం, తంజావూరు నటరాజులు అలవాటే కాబట్టి కొత్తగా చూసేదేముంది అనిపించవచ్చు. మొహాలు చూడండి, ముఖ్యంగా సుందరమూర్తి నాయనారు మొహం. కుర్రాడు, ఏదో అప్పుడే విని ఆగిపోయినట్టు ఉంటాడు.

తారాదేవి అనే బౌద్ధ దేవత విగ్రహం కనిపిస్తే అది నకలని గుర్తుపెట్టుకోండి. అసలుది బంగారు పూత పూసిన కంచుది, మనిషి కంటే కాస్త తక్కువ ఎత్తు, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది, కాండీని ఇంగ్లీషువాళ్లు పట్టుకున్నప్పుడు గవర్నరుగా ఉన్న బ్రౌన్‌రిగ్ దాన్ని 1830లో అక్కడికి ఇచ్చాడు. మన అమరావతి పలకలు నూటికి పైగా అదే బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. నకలు ముందు నిలబడాల్సి రావడం ఎలా ఉంటుందో అమరావతి వెళ్లినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

రాతి శాసనాల్లో ఒక్కటి చాలు, గాల్ త్రిభాషా శాసనం. చైనా నౌకాధిపతి చెంగ్ హో 1409 తేదీతో చైనాలోనే చెక్కించి ఓడలో తెచ్చిన పలక ఇది. దాని మీద మూడు భాషలు, చైనీసు, తమిళం, పర్షియన్. చైనీసులో బుద్ధుడికి, తమిళంలో విష్ణు రూపమైన తేనావరై నాయనార్‌కి, పర్షియన్‌లో అల్లాకి నమస్కారాలు, కానుకల జాబితాలు, వెయ్యి బంగారు, ఐదువేల వెండి, పట్టుబట్టలు, గంధం, నూనె అంటూ. మూడు మతాలకి దాదాపు ఒకే కొలతలో కానుకలు! ఇంత విలువైన రాయి 1911లో దొరికేటప్పటికి గాల్ ఊళ్లో ఒక కాల్వ మీద మూతగా బోర్లా పడి ఉంది. బోర్లా ఉండబట్టే అక్షరాలు కొంతైనా మిగిలాయి. చైనీసు భాగం బాగా కనిపిస్తుంది, మిగతా రెండూ బాగా అరిగాయి, కాస్త పక్క నుంచి, వెలుతురు ఏటవాలుగా పడేచోట నిలబడి చూస్తే తమిళ అక్షరాలు కొన్ని చిక్కుతాయి. మీలో చిత్తూరు, నెల్లూరు వైపువాళ్లు తమిళం చదవగలిగితే ప్రయత్నించండి.

ఇక సింహాసనం. కాండీ గదిలో ఉంటుంది, మిగతావాటికంటే ఎక్కువ టైము దీనికే దాచుకోండి. 1693లో డచ్చి గవర్నరు తోమాస్ వాన్ రే కాండీ రాజు రెండో విమలధర్మసూరియకి కానుకగా ఇచ్చింది. చూడటానికి పాతకాలపు యూరప్ కుర్చీలా ఉంటుంది, కర్ర మీద పల్చటి బంగారు రేకు తాపడం, చేతులు ఆనించుకునేచోట రెండు సింహాలు, వాటి కళ్లకి ఊదారంగు రాళ్లు, వీపు ఆనించేచోట పైన సూర్యుడు. డచ్చివాళ్లు ఇచ్చిన కుర్చీ లంక రాజులు ఎక్కారు, సరే, మరి మనకేంటి అంటారా?

కాండీలో సింహళ వంశం 1739లో నరేంద్రసింహుడితో ఆగిపోయింది. ఆయనకి పట్టమహిషి వల్ల పిల్లల్లేరు. కాండీ రాజులు మధుర నుంచి నాయక వంశపు అమ్మాయిల్ని పెళ్లి చేసుకునే ఆనవాయితీ అప్పటికే ఉంది, అందుకని రాణిగారి తమ్ముడే గద్దెనెక్కాడు. ఆయన తర్వాత కీర్తిశ్రీ రాజసింహ, రాజాధి రాజసింహ, చివరికి శ్రీ విక్రమ రాజసింహ, నలుగురూ నాయక్కర్లే. విజయనగరం నుంచి మధురకి వెళ్లి స్థిరపడ్డ తెలుగు నాయకుల కుటుంబాలకి చెందినవాళ్లు, అక్కడి జనం వీళ్లని వడుగులు అనేవారు, అంటే ఉత్తరాదివాళ్లు, తెలుగువాళ్లు. ఇళ్లలో శైవం పాటిస్తూ వచ్చినవాళ్లు బౌద్ధానికి పెద్దదిక్కుగా నిలబడ్డారు. కీర్తిశ్రీ కాలంలోనే, 1753లో, సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) నుంచి ఉపాలి థేరుణ్ణి రప్పించి, లంకలో దాదాపు ఆగిపోయిన ఉపసంపదని, అంటే పూర్తి స్థాయి భిక్షువుగా మారే దీక్షని మళ్లీ మొదలుపెట్టించారు. ఇవాళ కాండీలో జరిగే పెరహర ఊరేగింపులో బుద్ధుడి దంతధాతువు ముందుండి నడవడం కూడా కీర్తిశ్రీ పెట్టిన పద్ధతే. ఇది తెలుసుకుని కాండీలో ఆ దంతధాతువు ఉన్న గుడి దళదా మాళిగావ చూసి, ఆ తర్వాత కొలంబో వచ్చి ఈ కుర్చీ ముందు నిలబడితే ఒంట్లో ఏదో కదులుతుంది. నాకు కదిలింది.

చివరివాడు శ్రీ విక్రమ రాజసింహ, రాజు కాకముందు పేరు కన్నసామి. 1798లో పద్దెనిమిదేళ్ల వయసులో గద్దెనెక్కాడు. పాలన చివర్లో చాలా క్రూరంగా మారాడని చరిత్ర చెబుతుంది, సొంత సామంతులే ఇంగ్లీషువాళ్లతో చేతులు కలిపారు. 1815 ఫిబ్రవరిలో పట్టుబడ్డాడు, మార్చి 2న కాండీ ఒప్పందం మీద సంతకాలు పడ్డాయి. సింహాసనం, కిరీటం ఇంగ్లండుకి పోయాయి, విండ్సర్ కోటలో వందేళ్లకి పైగా ఉండి 1934లో తిరిగొచ్చాయి. ఇవాళ్టి శ్రీలంక జెండా మీద కత్తి పట్టుకున్న సింహం కూడా కాండీ రాజుల జెండా నుంచి తీసుకున్నదే. కిరీటం కూడా అక్కడే చూడండి.

అద్దానికి మరీ దగ్గరగా నిలబడితే మీ మొహమే కనిపిస్తుంది. ఒక అడుగు వెనక్కి, కొంచెం పక్కకి జరగండి, అప్పుడు సింహం కన్ను మెరుస్తుంది. ఎవరో స్కూలు పిల్లల గుంపు వస్తే ఖంగారు పడకండి, ఐదు నిమిషాల్లో వెళ్లిపోతారు, మళ్లీ మీరే మిగులుతారు. ఆ పిల్లలు తెల్ల యూనిఫాంలో వరసగా నిలబడి నోటుబుక్కుల్లో రాసుకుంటుంటే చూడటం కూడా బాగుంటుంది.

తెలుగు ఆ దేశంలో రాజులతోనే ఆగిపోలేదు, ఇది కూడా చెప్పాలి. అహికుంటక అనే పాములాడించే సంచార జాతి శ్రీలంకలో ఇప్పటికీ ఉంది, వాళ్ల ఇంటి భాష తెలుగులో ఒక యాస.

పై అంతస్తు మీ ఓపికని బట్టి. సిగిరియ కుడ్యచిత్రాల నకళ్లు, నాట్యాల ముసుగులు, ఇలాంటివి ఉంటాయి. సిగిరియ ఎక్కలేకపోయిన పెద్దవాళ్లకి ఆ నకళ్లే గతి కాబట్టి చూపించండి, మోకాళ్లు సహకరించకపోతే పై అంతస్తు వదిలేయండి, ముఖ్యమైనవన్నీ కిందే ఉన్నాయి. వెనకాల అదే ఆవరణలో నేచురల్ హిస్టరీ మ్యూజియం ఉంది, చిన్నపిల్లలుంటే తప్ప అదే రోజు పెట్టుకోకండి.

కొన్ని జాగ్రత్తలు. బుద్ధ విగ్రహానికి వీపు చూపిస్తూ సెల్ఫీ దిగకూడదు, శ్రీలంకలో ఇది చాలా పెద్ద తప్పు, గుడిలోనే కాదు ఎక్కడైనా. ఫోటో కావాలంటే విగ్రహాన్నే తీసుకోండి, లేదా పక్కన నిలబడి మీరూ విగ్రహం వైపు తిరిగి ఉండండి. ఫ్లాష్ ఆపేయండి, ఫోటోలు వద్దని బోర్డు ఉన్నచోట ఫోను జేబులో పెట్టేయండి. విగ్రహాల తలలు, చేతులు తాకొద్దు. బోర్డులు సింహళం, తమిళం, ఇంగ్లీషుల్లో ఉంటాయి. సింహళ అక్షరాలు మన లిపిలా గుండ్రంగా ఉండి, ఇంకాస్త ప్రయత్నిస్తే చదివేస్తామేమో అన్నట్టు ఊరిస్తాయి. రెండూ తాటాకుల మీద గంటంతో రాసిన అలవాటు నుంచి వచ్చిన గుండ్రాలు. బోర్డుల మీద ఉన్న సమాచారం చాలాచోట్ల రెండు లైన్లే, అందుకే ముందురోజు రాత్రి చదవమన్నాను. గదిలో కూర్చునే ఉద్యోగులతో నవ్వుతూ 'ఆయుబోవన్' అని చేతులు జోడించండి. మేం ఇండియా నుంచి, ఆంధ్ర నుంచి అని చెబితే ఒక పెద్దాయన మమ్మల్ని వెంటబెట్టుకెళ్లి, మేం దాటేసి వచ్చిన ఒక చంద్రశిల చూపించాడు.

మొత్తం మూడు గంటలు వేసుకోండి. మధ్యలో ఒకసారి వరండాలోకి వచ్చి పది నిమిషాలు కూర్చోవాలి, పెద్దవాళ్లుంటే రెండుసార్లు. రెండు గంటలు దాటాక కళ్లు చూస్తాయి గానీ బుర్రలోకి ఏదీ పోదు, కాబట్టి సింహాసనాన్ని ఒంట్లో ఓపిక ఉండగానే చూసేయండి, వరస తప్పినా ఫర్వాలేదు.

పన్నెండింటికి బయటపడితే, ఎదురుగా విహారమహాదేవి పార్కు చెట్ల నీడ ఉంది. రోడ్డు పక్కన తంబిలి అమ్ముతారు, నారింజరంగు బొండం, మన కొబ్బరినీళ్లకంటే కాస్త తియ్యన. అది తాగి, దగ్గర్లో ఎక్కడైనా రైస్ అండ్ కర్రీ తినండి, శాకాహారులకి పప్పు, పనసకాయ కూర, పొల్ సంబోల్ అనే కొబ్బరి పచ్చడి దొరుకుతాయి. పొల్ సంబోల్‌లో ఎండు చేపపొడి కలుపుతారు, అది లేకుండా చేయమని ముందే అడగాలి. ఓపిక మిగిలితే గంగారామయ గుడి ఆటోలో కొద్ది దూరమే.

ఇంకొక్కటి, ఇది ఇంటికొచ్చాక చేయాల్సింది. శ్రీ విక్రమ రాజసింహని ఇంగ్లీషువాళ్లు వెల్లూరు కోటలో బందీగా ఉంచారు, 1832 జనవరిలో అక్కడే చనిపోయాడు. ఆయన సమాధి వెల్లూరులో పాలారు ఒడ్డున ముత్తు మండపం అనే చోట ఉంది. వెల్లూరు అంటే మనవాళ్లందరికీ తెలిసింది ఆసుపత్రే, చిత్తూరు పక్కనే, ఏడాదికోసారైనా ఎవరో ఒకరిని తీసుకుని వెళ్తూనే ఉంటాం. రిపోర్టులు సాయంత్రం వస్తాయని చెప్పి కూర్చోబెట్టిన మధ్యాహ్నం ఒక ఆటో మాట్లాడుకుని ముత్తు మండపం వెళ్లి రండి.